ఆస్తి జాబితా

పాలకొల్లు నుంచి రాత్రంతా నడక.
కాలవగట్టు మీద నలభై మందిమి.
సగం మంది వంటవాళ్ళం, హోటళ్ళు కట్టేసి
పాదాల బూడిద కడుక్కోకుండానే బయల్దేరినవాళ్ళం.
"లౌరెన్సు వారు మనవాడ్రా,
నిప్పంటే ఏంటో తెలిసిన పునీతుడు"
అని సాంబారు మేస్త్రీ రాయప్ప ఏటా అంటాడు.
"మిగతావాళ్ళనీ కాల్చారు లేవయ్యా"
అని ఏటా ఎవరో ఒకరు అంటారు.

ఈ ఏడు ఆ మాట అందించాల్సింది నేను.
అనలేదు.
కుడిచెయ్యి తువ్వాల్లో చుట్టుకుని వెనకాల నడిచాను.
మార్చిలో బూరెల మూకుడు ఒరిగింది.
షావుకారు ఆసుపత్రికి డబ్బు కట్టాడు,
వారం చూశాడు,
తర్వాత ఇంకో మనిషిని పెట్టుకున్నాడు.
తప్పు పట్టలేను. గరిటె పట్టని చెయ్యి
హోటల్లో ఏం చేస్తుంది?

తెల్లారేసరికి రేవు.
ఆగస్టు నెల, వశిష్ఠ ఎర్రగా ఉంది,
ఎగువ ఊళ్ళ మన్నంతా మోసుకుంటూ.
పడవలో మోకాళ్ళకి మోకాళ్ళు, జపమాలలు,
ఒక మేకపోతు, బెలూన్లవాడి గ్యాసు సిలిండరు.
అవతల గంటలవారిలంక.
గుడి ముందు పూలతేరు, దాని మీద ఆయన.
ఏటా రంగేస్తారు గనక ఏటా ముఖం మారుతుంది.
ఈసారి కొంచెం మీసం వచ్చినట్టుంది.
చేతిలో ఇనప చట్రం,
ఆయన్ని కాల్చిన చట్రమే.
అసలుది తుఫానులో పోతే
కిటికీ ఊచలతో కమ్మరి అతికిచ్చాడు.

రోములో అధికారి అడిగాడట:
గుడి ధనమంతా తెచ్చి చూపించమని.
ఈయన మూడ్రోజులు గడువు తీసుకుని
కుంటివాళ్ళని, గుడ్డివాళ్ళని, దిక్కులేని ఆడవాళ్ళని
వరసగా నిలబెట్టాడట.
ఇదే మా ఆస్తి, లెక్కపెట్టుకో.

అందుకని మా లంకలో తేరు లేవకముందు
ఉపదేశి ఇన్నయ్య గారు పొడుగు పుస్తకం తెరుస్తారు.
కళ్ళజోడు తుడుచుకుని, కరణంలా గొంతు సవరించుకుని,
"గుడి ఆస్తి, ఈ ఏటి లెక్క" అంటారు.
శౌరమ్మ, చూపు లేదు.
బత్తుల జోజప్ప, కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు.
రొయ్యల షెడ్డు మరియమ్మ, ముగ్గురు పిల్లలు, మొగుడు లేడు.
ఏటా వింటున్నదే.
విని, చిల్లర వేసి, అప్పాలు కొనుక్కునేవాణ్ణి.

"కొల్లాటి చిన్నప్ప, వంటవాడు. కుడిచెయ్యి."

వీపు మీద ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది.
ఎవరు చెప్పారు? రాయప్పేనా?
బెలూన్లవాడి వెనక్కి జరిగాను.
ఇరవై ఏళ్ళు నేను చిల్లర వేసిన డబ్బా
ఇప్పుడు నావైపు చూస్తోంది.

పక్కనుంచి శౌరమ్మ నా తువ్వాలు తడిమింది.
పదకొండేళ్ళుగా జాబితాలో ఉన్న మనిషి.
"పలకవేంరా," అంది,
"లేవనుకుని కొట్టేస్తారు.
ఆస్తికి లెక్క తగ్గుద్ది."

"ఉన్నానండీ" అన్నాను.
గొంతు నాది కానట్టుంది.
ఇన్నయ్య గారు తలెత్తకుండా టిక్కు పెట్టారు.

తేరు పడవెక్కింది.
ఏటా లంక చుట్టూ ఒక చుట్టు, నీళ్ళ మీద.
సుడి దగ్గర పడవ ఊగి
పునీతుడి చేతిలో చట్రం ఊడింది.
"పట్టుకో చిన్నప్పా!"
ఎడంచేత్తో పట్టుకున్నాను.
బరువే. ఇంకా తుప్పు వాసన, పచ్చి రంగు వాసన.
అప్పుడే ఉత్తరం నుంచి వాన దంచింది.
సరంగు, తడిసి ముద్దయినవాడు, కేకేశాడు:
"ఇటుపక్క తడిసిపోయాం, అటు తిప్పండ్రోయ్!"

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు.
ముందు రాయప్ప నవ్వాడు.
ఈ పక్క కాలింది, అటు తిప్పండి
అని ఆ చట్రం మీంచే అన్నాడట కదా ఆయన.
తర్వాత పడవ పడవంతా.
గురువులు కూడా, కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఒడ్డు చేరేదాకా చట్రం నా దగ్గరే ఉంది.
తువ్వాలు ఎక్కడ జారిందో చూసుకోలేదు.